కుక్కతో కలిపి అయిదుగురం

ఆ స్కూల్లో స్పానిష్ చెప్పే మాస్టారికి గోడగడియారం అని పేరు పెట్టింది కందిరీగే. పాఠం చెబుతున్నంతసేపూ ఆయన చూపు పుస్తకం మీదా ఉండేది కాదు, పిల్లల మీదా ఉండేది కాదు. తలుపు పైన వేలాడే గడియారం మీదే ఉండేది. గంట కొట్టగానే వాక్యాన్ని సగంలో వదిలేసి వెళ్ళిపోయేవాడు. మర్నాడు ఆ మిగిలిన సగం చెబుతాడా అంటే అదీ లేదు, ఇంకో వాక్యంలో సగం చెప్పేవాడు. రిటైరయ్యే మనిషి, పోనీలే పాపం అని తోటి టీచర్లు జాలిపడేవారు. కందిరీగకు జాలిపడటం అలవాటు లేదు.

ఆమెకు కందిరీగ అన్న పేరు ఎవరు పెట్టారో గానీ పెట్టినవాడు తెలివైనవాడు. స్కూల్లో ఆమె పని జిరాక్సు మెషిన్ దగ్గర. మెట్ల కింద కిటికీ లేని గది, తలెత్తితే నెత్తికి తగిలే కప్పు, సిరా పొడి వాసన. ఆ గదిలో నిలబడి ఆమె లోకాన్నంతా చిన్నచూపు చూసేది. కాగితం పట్టుకుని ఎవరొచ్చినా కాపీలతో పాటు ఓ పేరు కూడా తగిలించి పంపేది. ప్రిన్సిపాల్ గారికి ఇస్త్రీపెట్టె అని పెట్టింది, కాలుతూ వచ్చి అందరినీ చదును చేసి పోతుందని. సైన్సు టీచరుకి తడిగుడ్డ అని పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు, చూస్తే తెలిసిపోయేది.

ఏటా స్కూలు తెరవగానే గోడగడియారం ఒక కాగితం పట్టుకొచ్చేవాడు. 'మా ఇల్లు, మా కుటుంబం' అని స్పానిష్‌లో ఓ పాఠం. మాది పెద్ద ఇల్లు. మా ఇంట్లో కుక్కతో కలిపి అయిదుగురం. మా నాన్న డాక్టరు. పొడవుగా ఉంటాడు, మంచివాడు. మా అమ్మ పాటలు పాడుతుంది. మా అన్నయ్య ఈత కొడతాడు. ఆదివారం అందరం తోటలో కూర్చుంటాం. నాకు చాలా సంతోషంగా ఉంది. కింద ఓ కుక్క బొమ్మ. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ తీయగా తీయగా ఆ కుక్కకి ముందు తోక పోయింది, తర్వాత చెవులు పోయాయి, చివరికి నాలుగు కాళ్ళ మరక ఒకటి మిగిలింది. దాన్ని మేక అనుకున్న పిల్లలూ ఉన్నారు, బల్ల అనుకున్న పిల్లలూ ఉన్నారు.

ఆ ఏడు కందిరీగ ఇక ఊరుకోలేకపోయింది.

“మాస్టారూ, ఈ కుక్క చచ్చి చాలా కాలమైంది. పాతిపెట్టెయ్యండి” అంది.

“నీకెందుకమ్మా అవన్నీ? కాపీలు తియ్యి” అన్నాడాయన, మెషిన్ పైన గడియారం ఉందేమోనని వెతుక్కుంటూ.

“పోనీ ఆ డాక్టరుగారైనా వచ్చి ఓసారి చూడకూడదూ దాన్ని? ఇంట్లోనే ఉన్నాడుగా!”

గోడగడియారం వెళ్ళి ఇస్త్రీపెట్టెతో చెప్పాడు. ఇస్త్రీపెట్టె పిలిపించింది. ఇలాంటప్పుడు ఎవరైనా తల వంచుకుని పొరపాటైందండీ అంటారు. కందిరీగ తల ఆ పక్కకి వంగేది కాదు.

“ఆయన చెప్పేది స్పానిష్ కాదు మేడమ్. చిలకపలుకులు. మన పిల్లల్ని ఆ దేశంలో వదిలితే మంచినీళ్ళు అడిగి తాగలేరు. ఆయన కన్నా నేనే నయం” అంది.

“నయమో కాదో నువ్వు చెబితే సరిపోదు, కాగితం చెప్పాలి” అంది ఇస్త్రీపెట్టె. “డిగ్రీ తెచ్చుకో. ఆయన రిటైరయ్యేలోపు తెస్తే ఆ కుర్చీ నీకిస్తాను. నాదీ భరోసా. తేలేకపోయావో, నోరు మూసుకుని ఆ మెట్ల కింద నీ పని నువ్వు చూసుకో. ఇంకోసారి నా దాకా రాకూడదు.”

ఆ మాటతో కందిరీగ బతుకు రెండు దారులుగా చీలింది. అయితే పైమెట్టు మీద కుర్చీ, లేకపోతే ఇక ఎన్నటికీ మెట్ల కింద గది. మధ్యలో నిలబడే చోటు లేదు. ఉన్నా ఆమె నిలబడే మనిషి కాదు.

ఆమెకి స్పానిష్ ఎలా వచ్చిందో చెప్పాలి, లేకపోతే ఈ పొగరు గాల్లోంచి పుట్టిందనుకుంటారు. ఆమె చిన్నతనంలో ఒక పొద్దున వాళ్ళ నాన్న గొడుగు బాగుచేయించుకొస్తానని బయల్దేరాడు. గొడుగుతో సహా మాయమయ్యాడు. తల్లి కుట్టుమిషన్ మీద వంగింది, మళ్ళీ నడుము ఎత్తలేదు. పిల్ల కాళ్ళకీ చేతులకీ అడ్డం పడకుండా పైమేడ మీద మామ్మగారికి చేదోడుగా ఉండమని పంపేది. ఆ మామ్మది స్పానిష్ మాట్లాడే దేశం. ఓడలో పనిచేసే ఈ ఊరివాణ్ణి కట్టుకుని వచ్చింది, ఆయన పోయాడు, ఆవిడ ఉండిపోయింది. ఆవిడ స్పానిష్‌లో మంచిమాట అనేదే ఉండేది కాదు. రొట్టె తెస్తే ఇటుక తెచ్చావేమే అని తిట్టేది. కిటికీలో వాలిన పావురాన్ని తిట్టేది. పోయిన మొగుణ్ణి ఫొటో ముందు నిలబడి తిట్టేది. తిడుతూనే పిల్ల నోట్లో ముద్ద పెట్టేది. పిల్ల కూడా ఎదురు తిట్టడం నేర్చుకుంది. మామ్మకి అదొక్కటే సంబరం. “నా తర్వాత ఈ వీధిలో సరిగ్గా తిట్టడానికి ఒక్క మనిషైనా ఉండాలి కదే” అనేది. అలా వచ్చిన భాష అది. పుస్తకంలోంచి రాలేదు, అందుకే అందులో ప్రాణం ఉంది.

డిగ్రీ సంగతి చెబితే తల్లి మిషన్ ఆపలేదు.

“చదివి ఏం చేస్తావే?”

“పిల్లలకి మాట్లాడటం నేర్పుతా.”

“నీ నోటితోనా? పాపం పిల్లలు!” అంది తల్లి, సూదిలో దారం ఎక్కిస్తూ. కానీ సాయంత్రం కాలేజీకి వెళ్ళడానికి సంచీ మాత్రం తనే కుట్టిచ్చింది, పుస్తకాలు జారిపోకుండా లోపల రెండో గుడ్డ వేసి.

సాయంత్రం కాలేజీ అంటే ఫర్నిచర్ షాపు మీద మూడు గదులు. కింద మంచాలకు వార్నిష్ వేస్తుంటే పైన క్లాసులో అందరికీ తల తిరిగేది. పగలంతా ఎక్కడెక్కడో ఒళ్ళు వంచి వచ్చినవాళ్ళు ఆ వాసనలో కూర్చుని స్పానిష్ టీచర్లు కావాలని కలలు కనేవారు. సగం మందికి ఆ దేశం పటంలో ఏ మూల ఉందో తెలియదు, ఎందుకు చదువుతున్నావంటే ఇందులో పోటీ తక్కువ కదండీ అనేవారు. పాఠం చెప్పే ప్రొఫెసరుకి కందిరీగ మొదటి రోజే పూలకుండీ అని పేరు పెట్టేసింది. కిటికీ పక్కన పెడితే అక్కడే ఉండేవాడు, అప్పుడప్పుడు నీళ్ళు కావాలి, అంతకు మించి ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. స్పానిష్ గురించి మన భాషలో గంటలకొద్దీ చెప్పేవాడు. స్పానిష్‌లో మాత్రం నోరు విప్పేవాడు కాదు, నగలు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నవాడిలా.

ఏడాది చివర నోటి పరీక్ష అన్నారు. దానికి పాఠం అని పూలకుండీ ఒక కాగితం పంచాడు. చూడగానే కందిరీగకి నవ్వాగలేదు. అదే ఇల్లు. అదే డాక్టరు. తోటలో అదే ఆదివారం. ఇక్కడ కుక్కకి తోక ఇంకా ఉంది, అంతే తేడా.

విషయం అప్పుడు తెలిసింది. గోడగడియారం చదివిందీ ఈ కాలేజీలోనే. పూలకుండీ చదివిందీ ఇక్కడే. వాళ్ళ గురువు ఎవరో మహానుభావుడు ఏనాడో ఈ కుటుంబాన్ని సృష్టించి పోయాడు. అప్పటినుంచి ఆ ఊళ్ళో స్పానిష్ చదివిన ప్రతివాడూ ఆ డాక్టరుగారి సంతానమే. ఆ లెక్కన వాళ్ళంతా ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ. వాళ్ళలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, ఆ పాపం వాళ్ళది. పరీక్షలో ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్ళి డాక్టరుగారి గురించి చెప్పి బయటికొచ్చేవారు. తండ్రి చచ్చిపోయినవాడూ చెప్పాడు. అద్దెగదిలో నలుగురితో పడుకునేవాడూ మాది పెద్ద ఇల్లని చెప్పాడు. కుక్కంటే హడలిపోయే ఓ అమ్మాయి కూడా చెప్పింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు పూలకుండీ వింటూ మార్కులు వేశాడు.

కందిరీగ వంతు వచ్చింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. కుర్చీలో కూర్చుని, మామ్మ దగ్గర నేర్చిన స్పానిష్‌లో గడగడా చెప్పింది. మాది రెండు గదుల కొంప. ఇద్దరం. మా నాన్న గొడుగు తీసుకుని పోయాడు, ఎక్కడున్నాడో తెలియదు, వాన వస్తే మా అమ్మ ఇప్పటికీ వీధి వైపు చూస్తుంది, చూడలేదని అబద్ధం చెబుతుంది. మా అమ్మ పాటలు పాడదు, ఆమె మిషన్ పాడుతుంది. కుక్క లేదు, ఉన్నా దానికి తిండి పెట్టలేం.

పూలకుండీ చాలాసేపు కదలలేదు. మామూలుగానే కదలడు, ఇది వేరు.

“తప్పులేమీ లేవు” అన్నాడు చివరికి. “కానీ ఇదెవరి కుటుంబం?”

“మాదే సార్.”

“మీ కుటుంబం ఎవరడిగారమ్మా? పరీక్షలో ఉన్న కుటుంబం చెప్పాలి. ఇందులో డాక్టరు ఏడీ? తోట ఏదీ? నేను మార్కులు దేనికి వెయ్యను?”

“నేను మాట్లాడినదానికి వెయ్యండి.”

“అందరూ ఇలా మాట్లాడుతూ పోతే మేం దిద్దేదెలా?” అన్నాడాయన. నిజంగా బాధపడుతూనే అన్నాడు. అన్నీ చెప్పగా ఆ ఒక్క మాటే నిజం చెప్పాడు.

తప్పింది. ఏడాది వృథా. ఇస్త్రీపెట్టె ఆ సంగతి విని, “ఏమమ్మా, ఆయన కన్నా నువ్వు నయం అన్నావు? ఆయన ఈ పరీక్ష మొదటిసారే గట్టెక్కాడట” అంది కారిడార్లో పదిమంది ముందు. తడిగుడ్డ కూడా నవ్వింది. తడిగుడ్డ నవ్విందంటే మనిషి ఎంత దిగజారిపోయినట్టో ఆలోచించండి. అటు గోడగడియారం రిటైర్మెంటు ముంచుకొస్తోంది. ఇంకోసారి తప్పితే కుర్చీ లేదు.

కందిరీగ ఇంటికొచ్చి ఆ పాఠం కాగితం గోడకి అంటించింది. తల్లి మిషన్ తొక్కుతుంటే ఆ చప్పుడుకి తగ్గట్టు మాటలు అప్పజెప్పడం మొదలుపెట్టింది. మిషన్ ఆగితే తనూ ఆగేది, సాగితే తనూ సాగేది. నాలుగు పూటలకి తల్లికి అనుమానం వచ్చింది.

“ఏమంటున్నావే అస్తమానం?”

“మా నాన్న డాక్టరు అంటున్నా.”

మిషన్ ఆగింది. తల్లి కళ్ళజోడు తీసి గోడ మీద కాగితం వైపు చూసింది. చదవలేదు, చదవడం రాదు కూడా, ఊరికే చూసింది.

“డాక్టరా! అయితే నా మోకాళ్ళకి మందు రాయించాల్సింది కదే, ఇన్నాళ్ళూ చెప్పవేం?” అంది. నవ్వుతూనే అంది. తర్వాత మిషన్ తొక్కడానికి కాలు పెట్టింది గానీ చాలాసేపు తొక్కలేదు.

పరీక్షలో ఈసారి కందిరీగ ఒక్క మాట అటూఇటూ కాకుండా అప్పజెప్పింది. పూలకుండీ ముఖం వికసించింది. ఆ సంవత్సరానికి ఆమెవే అందరికన్నా ఎక్కువ మార్కులు. ఆ సంతోషం పంచుకోవడానికి పైమేడకి పరిగెత్తి మామ్మ ముందు కూడా అప్పజెప్పింది. మామ్మ రొట్టె నములుతూ మొత్తం విన్నది.

“ఎవరే వీళ్ళు?” అంది.

“ఎవరో మామ్మా, పాఠం.”

“ఆ ఇంట్లో మనుషుల్లేరే. అంతసేపు చెప్పావు, ఆ కుక్క ఒక్కసారైనా మొరిగిందా?”

“పరీక్ష మామ్మా, ఇలా చెబితేనే గట్టెక్కిస్తారు.”

మామ్మ మిగిలిన రొట్టె పక్కన పెట్టేసింది. మర్నాడు రొట్టె తెస్తే ఇటుక అని తిట్టలేదు. “థాంక్స్ అమ్మా, శ్రమ పడ్డావు” అంది, వచ్చీరాని మన భాషలో. ఆ రోజునుంచి ఆవిడ కందిరీగతో స్పానిష్ మాట్లాడలేదు. మర్యాదగా మాట్లాడేది. కందిరీగకి ఆ మర్యాద ఒంటికి తేళ్ళు పాకినట్టుండేది, కానీ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు. మరుసటి శీతాకాలంలో మామ్మ పోయింది, అలా మర్యాదగా ఉంటూనే.

మిగిలిన చదువంతా బాగానే సాగింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, కందిరీగకి ఇంకా అంత పోలేదు. కడుపులో ఒక మాట పెట్టుకుని చదివింది. కాగితం చేతికి రానీ, ఆ కుర్చీలో కూర్చోనీ, మొట్టమొదటి రోజే ఆ కుక్కని పాతిపెడతాను. డాక్టర్ని ఊరవతలికి తరిమేస్తాను. గోడగడియారాన్నీ పూలకుండీనీ తలుచుకుని, ఈ వెన్నెముక లేని మనుషులా నాకు గురువులు అని లోపల ఉమ్మేసుకునేది. అప్పజెప్పింది తను కాదన్నట్టే ఉండేది. తనది ఎత్తుగడ అట, వాళ్ళది బుద్ధి అట.

ఈ మాట ఆమె లోపలే దాచుకోలేదు, ఒకరికి చెప్పింది. స్పానిష్ క్లాసులో మూడో బల్ల మీద కూర్చునే పిల్ల ఒకతి ఉండేది. ముక్కు మీద కోపం, పెదవి మీద మాట. టీచర్లు కాగితాలిచ్చి పంపినప్పుడల్లా జిరాక్సు గదికి వచ్చి ఓ పట్టాన పోయేది కాదు. మెషిన్ తిరుగుతున్నంతసేపూ కందిరీగ దానికి మామ్మ స్పానిష్ నేర్పింది. ఈ కాగితం ముడతలు పడింది, నువ్వూ నీ జుట్టూ, ఇక్కడినుంచి పో, రేపు రా. పిల్ల ఎదురు తిట్టడం కూడా నేర్చుకుంది. తనని తను చూసుకున్నట్టుండేది కందిరీగకి.

“మాస్టారి పాఠంలో డాక్టరు ఉన్నాడు కదా అక్కా, మాకు లేడు. మరి నేనేం చెప్పాలి?” అని అడిగింది ఓసారి.

“నేను టీచర్నైతే నా క్లాసులో ఎవరి ఇల్లు వాళ్ళే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అద్దెకు తెచ్చుకున్న నాన్నలు నాకొద్దు” అంది కందిరీగ. పిల్ల ఆ మాట మూటగట్టుకుని పోయింది. పిల్లలు ఏది పారేస్తారో ఏది దాచుకుంటారో పెద్దలకి ఎప్పుడూ తెలియదు.

ఆఖరి ఏడాది ఆఖరి గండం, పరీక్షాధికారుల ముందు ఒక పాఠం చెప్పి చూపించడం. అందులో నెగ్గితేనే డిగ్రీ. ఏ స్కూల్లో చెబుతావంటే మా స్కూల్లోనే అంది. గోడగడియారానికి అది ఆఖరి నెల, ఆయన సంతోషంగా గది ఖాళీ చేసిచ్చాడు. పూలకుండీ ముందుగానే పిలిచి హెచ్చరించాడు. “అమ్మా, కొత్త పుంతలు తొక్కకండి. కుటుంబం పాఠం చెప్పండి. అది చెప్పి ఎవరూ ఎప్పుడూ తప్పలేదు.”

సరే, ఈ ఒక్కసారికి, అనుకుంది కందిరీగ. ఈ 'ఒక్కసారి' అనే మాటకి ఎన్ని పిల్లలు పుట్టాయో ఆ దేవుడికే తెలియాలి. అయితే ఆ మరకని పిల్లల చేతికివ్వడానికి మాత్రం మనసొప్పలేదు. కూర్చుని కుక్క బొమ్మ కొత్తగా వేసింది. చెవులు పెట్టింది, తోక పెట్టింది, నాలుక కూడా బయటపెట్టింది. కాపీలు తీస్తుంటే మొదటిసారి ఆ కాగితం చూడముచ్చటగా కనిపించింది.

ఆ రోజు వెనక బల్ల మీద పూలకుండీ, ఆయన పక్కన పైనుంచి వచ్చిన అధికారిణి కూర్చున్నారు. ఆవిడ రావడమే చేతిసంచీలో దేనికోసమో వెతుకుతూ వచ్చింది, కూర్చున్నాక కూడా వెతుకుతూనే ఉంది. కందిరీగ భయంలో కూడా పేరు పెట్టడం మానలేదు, చేతిసంచీ అనుకుంది.

పాఠం నీళ్ళలా సాగింది. మొదటి బల్ల మీద పిల్లాడు డాక్టర్ని చెప్పాడు, రెండో బల్ల మీద పిల్ల తోటని చెప్పింది. పూలకుండీ కళ్ళు సగం మూసుకుని ఆనందిస్తున్నాడు. అప్పుడు మూడో బల్ల పిల్ల చెయ్యెత్తింది. ఎత్తకపోతే పిలిచేది కాదు. ఎత్తాక పిలవక తప్పదు.

పిల్ల లేచి నిలబడింది. కాగితం బల్ల మీద బోర్లించేసింది. కందిరీగ కళ్ళలోకి చూస్తూ, రహస్యం తెలిసిన స్నేహితుల్లా చిన్నగా నవ్వి, చెప్పింది.

“మాది చిన్న ఇల్లు. ఇద్దరం. మా నాన్న లేడు. వెళ్ళిపోయాడు. మా అమ్మ ఆస్పత్రిలో గిన్నెలు తోముతుంది. కుక్క లేదు. పక్కింటి పిల్లి వస్తుంది, పాలు ఉంటే పోస్తాను.”

అంతా స్పానిష్‌లోనే. అక్కడక్కడ తడుముకుంది గానీ ప్రతి మాటా దానిది. ఆ గదిలో ఎన్నో ఏళ్ళ తర్వాత ఎవరో ఏదో మాట్లాడారు. పిల్లలందరూ బిగుసుకుని టీచరు వైపు చూశారు. వెనక బల్ల దగ్గర కుర్చీ కిర్రుమంది. పూలకుండీ తల ఎత్తాడేమో అనుకుంది కందిరీగ. వృథా అయిన ఏడాది గుర్తొచ్చింది. తడిగుడ్డ నవ్వు గుర్తొచ్చింది. మెట్ల కింద గది, నెత్తికి తగిలే కప్పు గుర్తొచ్చాయి. గొడుగు మాత్రం గుర్తురాలేదు.

“తప్పు” అంది. “నాన్న డాక్టరు. మళ్ళీ చెప్పు.”

పిల్లకి అర్థం కాలేదు. “మా నాన్న—” అని ఆగింది.

“డాక్టరు.”

“మా నాన్న... డాక్టరు.”

“పొడవుగా ఉంటాడు.”

“పొడవుగా ఉంటాడు.”

“మంచివాడు.”

పిల్ల పెదవులు బిగించింది. కందిరీగ వదల్లేదు. వదిలేసి కూర్చోమనొచ్చు, ఇంకొకరిని లేపొచ్చు. అంతపాటి తెలివి లేని మనిషి కాదు. వదల్లేదు, అంతే. ఛీ, ఏం మనిషి! మంచివాడు అనిపించింది, పాటలు పాడించింది, ఈత కొట్టించింది, తోటలో కూర్చోబెట్టింది. చాలా సంతోషంగా ఉంది అనిపించాకే కూర్చోనిచ్చింది. ఆ పిల్ల కూర్చుని, బోర్లించిన కాగితాన్ని తిరగేసి, అంచులు సరిగ్గా బల్ల అంచుకి సరిపెట్టింది. మళ్ళీ తలెత్తలేదు.

గంట కొట్టాక పరీక్షాధికారులు లేచి వచ్చారు.

“ఎక్కడా తడబడలేదు” అన్నాడు పూలకుండీ. “ఆ కుక్క బొమ్మ మీరే వేశారా? ఎంత ముచ్చటగా ఉందో! మా కాలేజీకి కూడా ఒకటి ఇవ్వండి.”

చేతిసంచీ చివరికి సంచీ అడుగునుంచి కళ్ళజోడు తీసింది, వెతుకుతున్నది అదేనట. “హమ్మయ్య, దొరికింది. కింద పడిపోయిందనుకుని కుర్చీ కింద కూడా చూశాను” అంది. “మధ్యలో ఎవరో పిల్ల ఏదో అన్నట్టుంది, నేను సరిగ్గా వినలేదు. ఏమంది?”

“ఏం లేదండీ. పాఠం మరిచిపోయింది” అంది కందిరీగ.

డిగ్రీ వచ్చింది. ఇస్త్రీపెట్టె మాట తప్పలేదు, ఆ విషయంలో ఆవిడని తప్పుపట్టడానికి లేదు. గోడగడియారం పోతూ పోతూ తన పాత కాగితం తెచ్చి, నిధి అప్పగిస్తున్నట్టు రెండు చేతులతో ఇచ్చాడు. “నీకు పాతిపెట్టాలని ఉండేది కదమ్మా, ఇక నీ ఇష్టం” అన్నాడు. ఆయనకి ఆ మాట గుర్తుందని అనుకోలేదు కందిరీగ. తల్లి కుర్చీలోకి దిండు కుట్టిచ్చింది. “గట్టి చెక్క కుర్చీలట, జాగ్రత్త” అంది. డాక్టరు ఊసెత్తలేదు.

కొత్త ఏడాది మొదలైంది. మొదటి వారం పిల్లలు అలవాటు పడాలి కదా అని ఆ పాఠమే చెప్పింది. తర్వాత పరీక్షలు దగ్గరపడ్డాయి. అందరికీ ఒకటే పాఠమైతే దిద్దడం సులువని అప్పుడే తెలిసింది. ఆ స్కూల్లో స్పానిష్ చదువుకి ఆమె చేసిన మేలు ఒక్కటే, కుక్కకి తోక వచ్చింది. గురివింద గింజ తన కింది నలుపు తనెరగదంటారు. కందిరీగ ఎరుగును, ఎరిగీ పైకి ఎర్రగా తిరిగేది, అదింకా రోత.

ఒక పొద్దున కాగితాల కట్ట చంకలో పెట్టుకుని క్లాసుకి వస్తుంటే తలుపు ఇవతలికి వినిపించింది, లోపల ఎవడో కాపలా ఉన్నవాడి అరుపు.

“ఒరేయ్ కూర్చోండ్రా! డాక్టరుగారమ్మాయి వస్తోంది!”

బల్లలు చప్పుడు చేశాయి, ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అంతా సద్దుమణిగింది. కందిరీగ గుమ్మంలో ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఊరందరికీ పేర్లు పెట్టిన మనిషికి ఒక పేరు ఎంత సరిగ్గా అతికిందో తెలియకుండా ఉంటుందా? తను కూడా ఇంతకన్నా బాగా పెట్టగలిగేది కాదు. ఎవరు పెట్టారో అడగాల్సిన పని లేదు. అలాంటి పేర్లు పెట్టే నోరు ఆ క్లాసులో ఒక్కటే ఉంది. దాన్ని పదును పెట్టిందీ తనే.

లోపలికి వెళ్ళి, దిండు సర్దుకుని కూర్చుంది. గొంతు సవరించుకుని మూడో బల్ల వైపు చూసింది. తిడుతుందని ఎదురుచూసింది. నిజం చెప్పాలంటే, తిట్టమని లోపల వేడుకుంది.

పిల్ల లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. ఒక్క మాట తప్పకుండా, ఒక్కచోట ఆగకుండా అప్పజెప్పింది. మాది పెద్ద ఇల్లు. మా ఇంట్లో కుక్కతో కలిపి అయిదుగురం. మా నాన్న డాక్టరు. పొడవుగా ఉంటాడు, మంచివాడు. చివరిదాకా చెప్పి, “థాంక్యూ టీచర్‌గారూ” అని ఎంతో మర్యాదగా అంది. ఆ మర్యాద కందిరీగ ఇంతకుముందు పైమేడ మీద విన్నదే.

తప్పులేమీ లేవు. పూర్తి మార్కులు వేసింది.